తీసేదాన్ని పొగిడి తీయాలి

అమ్మా,

ముందుగా నీ గొంతుకి నమస్కారం, ఆ తర్వాత నీకు. అది బాగుంటే నువ్వు బాగున్నట్టేనని నానమ్మ సిద్ధాంతం కదా. ఇక్కడ ముగ్గురం కులాసాగా ఉన్నామని రాయబోయి ఆగాను. అబద్ధం రాయొద్దని కిందటి ఉత్తరంలో రెండుసార్లు అన్నావు. అందుకని, ఒంట్లో వరకు అందరం కులాసా అని రాస్తున్నాను. మిగతాది చదువుతూ పోతే నీకే తెలుస్తుంది.

ఈ ఉత్తరం నాన్న షాపులో, కళ్లజోళ్లు బాగుచేసే బల్ల చివర కూర్చుని రాస్తున్నాను. నా మోచేతి పక్కనే స్క్రూలు పోసిన మూత ఉంది. ఒక్కొక్కటి ఆవగింజలో సగం కూడా ఉండదు. పెద్దగా నిట్టూర్చకు, ఎగిరిపోతాయని నాన్న ఇప్పటికే హెచ్చరించాడు. నేను అప్పటికి నాలుగైదు నిట్టూర్పులు విడిచేశాను మరి.

నువ్వు అడిగినవాటికి వరసగా జవాబులు. వంటింటి కుళాయి బాగుచేయించాం. కారడం మానేసి కూయడం మొదలుపెట్టింది. నువ్వుంటే అది ఏ స్వరమో చెప్పేదానివి. నాన్న కొత్త అద్దాలు వేయించుకోలేదు. వీధిలో అందరి చూపూ సరిచేస్తాడు గాని తన అద్దం మీది గీత గురించి అడిగితే, "దాన్ని తప్పించి చూడటం నాకు అలవాటైపోయింది" అంటాడు. చదువు బాగానే సాగుతోంది. వ్యాసాల మేడమ్ మాత్రం నా పేపరు మీద, "చదవడానికి ముచ్చటగా ఉంది, విషయం ఎక్కడ?" అని రాసింది. చాలా బాధపడ్డాను. కొత్తగా మాటల మీద ప్రేమ పుట్టినవాళ్లకి ఇదొక జబ్బనుకుంటాను. 'జీర' అనే మాట దొరికిన రోజున, ఎవరి గొంతులో ఉందా అని బస్సులో వాళ్లందరి మాటలూ చెవులు రిక్కించి విన్నాను. కండక్టరు గొంతులో దొరికింది. టికెట్టు తీసుకోవడం మర్చిపోయాను.

నానమ్మ మందులు వేళకి వేసుకుంటోంది. కాకపోతే నాతో మాట్లాడటం లేదు. నేను ఎదురుగా ఉన్నా సరే, నాకు చెప్పాల్సింది నాన్నకి చెబుతుంది. "ఆ జడ్జిగారిని భోజనానికి రమ్మను," అంటుంది. కారణం రాస్తాను. ముందు నువ్వు ఆఖరున అడిగిన ప్రశ్న ఉంది.

నీ మాటలే మళ్లీ రాస్తున్నాను, తప్పించుకోకుండా ఉండటానికి: "ఈ ఏడాది మేటి ఆల్బమ్‌లంటూ విమర్శకుల జాబితాలు వచ్చి ఉంటాయి. మన 'పక్క మైకు' ఎక్కడైనా ఉందా? ఏదో ఒక జాబితాలో ఉంటే స్టూడియో ఆయన రెండో ఆల్బమ్ చేద్దామన్నాడు, నేను వచ్చేస్తాను. లేకపోతే పర్యటన బృందంవాళ్లు ఇంకో రెండేళ్లకి ఒప్పందం కాగితం సిద్ధం చేశారు, జనవరి నెలాఖరుకి సంతకం పెడతాను. ఉన్నది ఉన్నట్టు రాయి."

అమ్మా, ఈ నెలంతా నాకు వేరే ధ్యాస లేదు. పెద్ద పేపరు జాబితా వచ్చిన ఉదయం పాలవాడికంటే ముందు గేటు దగ్గర నిలబడ్డాను. అందులో లేదు. వారపత్రిక జాబితాని కింది నుంచి పైకి చదివాను, అలా చదివితే ఆశ ఎక్కువసేపు నిలుస్తుందని. అందులోనూ లేదు. రేడియో విమర్శకుడి జాబితాలో మాత్రం, అంతా అయిపోయాక, 'ఇవి కూడా విన్నాం' అన్న తోకలో నీ ఆల్బమ్ పేరుంది. పక్కన ఒక్క వాక్యం: "శుద్ధమైన గొంతు, ఎక్కడా తొణకదు." అది మెచ్చుకోలో కాదో ఎన్నిసార్లు చదివినా తేలలేదు. స్టూడియో ఆయన దగ్గరికి పరుగెత్తాను. తోక లెక్కలోకి రాదన్నాడు. కానీ రికార్డుల షాపులో అభిమానుల జాబితా ఒకటుందిగా, కొత్త సంవత్సరం మొదటి వారం రేడియోవాళ్లు దాన్నే వేస్తారు, అందులోకి వస్తే తనకి చాలన్నాడు. అంటే మిగిలింది మా గుంపు ఒక్కటే.

మా గుంపు సంగతి నీకు కొంత తెలుసు. ఏడాది చివరి ఆదివారం సూది మామయ్య రికార్డుల షాపు వెనక గదిలో కూర్చుంటాం. (ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. రికార్డు ప్లేయరు సూదులు మార్చడంలో ఆయన్ని మించినవాడు లేడు, అందుకని ఆ పేరు.) విమర్శకుల జాబితాలన్నీ గోడకి అంటించి, నచ్చనివి కొట్టేసి, నచ్చినవి కలిపి, మా జాబితా తయారుచేస్తాం. ఒకప్పుడు ఈ గొడవలో కుర్చీ విరిగిందట. అప్పటి నుంచి మామయ్య ఒక పద్ధతి పెట్టాడు. కొత్తది లోపలికి రావాలంటే పాతది ఒకటి బయటికి పోవాలి. ఏది పోవాలో చెప్పినవాళ్లే, పోయేదాన్ని ఒక పాట పాడేటంతసేపు మనస్ఫూర్తిగా పొగడాలి. ఆ తర్వాతే తమకి కావలసినదాని గురించి నోరు విప్పాలి. ఆ పైన చేతులెత్తడం. 'బాగుంది' అనే మాట వాడితే అందరికీ టీ ఇప్పించాలి.

నేను తీసేయడానికి 'మెట్ల దారి' ఎంచుకున్నాను. అది మామయ్య వారం ముందే రాసిపెట్టిన చిత్తు జాబితాలో అడుగున వేలాడుతోంది, తేలిగ్గా రాలిపోతుందనుకున్నాను. అట్ట మీద సైకిలు పట్టుకుని నిలబడిన పిల్ల పాడింది. ఏదో అపార్టుమెంటు మెట్ల మీద కూర్చుని రికార్డు చేసిందట. ఒకసారి విని, శ్రుతి కూడా సరిగా లేదు, ఇదేం పాటని పక్కన పెట్టేశాను. కానీ పొగడాలిగా. మా మేడమ్ భయం ఒకటుంది, విషయం లేకుండా మాట్లాడకూడదని. కాలేజీ మెట్ల మీద కూర్చుని వారమంతా ఆ ఆల్బమ్ విన్నాను. ఆ పిల్ల అందుకోలేని స్వరానికి ఎగబాకుతుంది. గొంతు చీలిపోతుంది. ఆ చీలికని తుడిచేయకుండా అలాగే ఉంచేసింది. పైఅంతస్తులో ఎవరో తలుపు తీసి వింటారు, ఆ చప్పుడు కూడా ఉంది. రెండు రోజులకి నాకు భయం మొదలైంది. ఆ భయం ఏమిటో మాత్రం ఒప్పుకోలేదు.

ఆదివారం గది నిండిపోయింది. వాళ్లందరికీ నేను నీ కూతురినని తెలుసు. బస్సు డ్రైవరన్న నన్ను చూడగానే, "అమ్మ తరఫు లాయరొచ్చింది, దారివ్వండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

లేచి 'మెట్ల దారి' గురించి మొదలుపెట్టాను. ఏం మాట్లాడానో సగం గుర్తులేదు. ఆ పిల్ల గొంతులో జీర గురించి చెప్పాను. తప్పు స్వరం మీద కాలు జారి, జారినచోటే లేచి నిలబడి, అక్కడి నుంచే మళ్లీ పాడుతుందని చెప్పాను. పైన తలుపు తీసినవాళ్లు మనమేనని చెప్పాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు గాని, నా నోరు ఆ రోజు మరీ మంచిదైపోయింది. చెప్పి కూర్చున్నాను. ఆసుపత్రిలో నర్సుగా చేసే అక్క కళ్లు తుడుచుకుని, "ఇంత చెప్పాక దాన్నెలా తీసేయమంటావే, పిచ్చిదానా?" అంది.

తర్వాత నీ ఆల్బమ్. అమ్మా, దానికి మాటలు చాలానే సిద్ధం చేసుకున్నాను. అన్నీ వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి, బడికెళ్లే పిల్లల్లా చేతులు కట్టుకుని. నిండుదనం, నైర్మల్యం, సంయమనం. మా మేడమ్ అక్కడుంటే పక్కన అదే ప్రశ్న రాసేది. డ్రైవరన్న చెయ్యెత్తాడు. ఆయన గొంతులో వెటకారం లేదు.

"అవన్నీ సరేనమ్మా. ఏ పాట దగ్గర నీకు ఒళ్లు జలదరించింది? అదొక్కటి చెప్పు, నా చెయ్యి నీదే."

నేను చెప్పలేకపోయాను. ఆలోచిస్తూ నిలబడ్డాను. ఎంతసేపంటే, సూది మామయ్య లేచి కిటికీ తీసి, ఎవరూ అడక్కుండానే నాకు మంచినీళ్లు తెచ్చి ఇచ్చాడు.

చేతులెత్తారు. డ్రైవరన్న చివరికి నీ వైపే ఎత్తాడు, నర్సక్క అటు ఎత్తింది. ఒకే ఒక్క చెయ్యి తేడాతో 'మెట్ల దారి' నిలిచింది. 'పక్క మైకు' రాలేదు.

నీ ప్రశ్నకి జవాబు ఇదీ. ఏ జాబితాలోనూ లేదమ్మా.

ఇక్కడ ఉత్తరం ఆపేద్దామనుకున్నాను. నాన్న ఒక ముసలాయన కళ్లజోడు బిగించి, తుడిచి, ఆయన ముక్కు మీద పెట్టి, పంపించి వచ్చాడు. నా కాగితం వైపు చూడకుండానే, "అసలుది రాశావా?" అన్నాడు. డ్రైవరన్న నిన్న కళ్లజోడు కాలు విరిగిందని వచ్చి, నాన్నకి అంతా చెప్పేసి వెళ్లాడు. పక్కన కూర్చున్న నానమ్మ కూడా విన్నది. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు కదా, ఇంకెవరి నోటి నుంచో నీ దాకా రాకముందే నేనే రాస్తున్నాను.

ఆ ఒక్క చెయ్యి నాది.

రెండు వైపులా చేతులు సమానంగా లేచాయి. సూది మామయ్య నా వైపు తిరిగి, "నీ చెయ్యి ఇంకా లేవలేదమ్మా" అన్నాడు. అందరూ నేను నీ వైపు ఎత్తుతాననుకునే చూస్తున్నారు, కొందరు అప్పుడే సర్దుకుని లేవబోతున్నారు కూడా. నేను 'మెట్ల దారి' వైపు ఎత్తాను. ఎవరూ నవ్వలేదు. బయటికి వచ్చి, బస్సెక్కకుండా ఇంటిదాకా నడిచాను.

ఎందుకు ఎత్తానో నీకు చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. ఇరవై ఏళ్లు నువ్వు వేరేవాళ్ల వెనక పాడావు. ముందున్న గొంతు కంటే ఎత్తు పోకూడదు, వాళ్ల ఊపిరి ఆగినచోట నీది వినబడకూడదు. ఆ పనిలో నీ అంత నేర్పరి లేదని అందరూ అంటారు. కానీ అమ్మా, ఈ ఆల్బమ్‌లో నీ ముందు ఎవరూ లేరు. అయినా ఎవరో వచ్చి నిలబడతారని చోటు వదిలిపెట్టినట్టు పాడావు. ప్రతి పాటలోనూ ఆ ఖాళీ చోటు వినబడింది నాకు. ఆ రేడియో ఆయన 'తొణకదు' అన్నది దీన్నే కాబోలు.

నేను చిన్నప్పుడు బంతి వెనక రోడ్డు మీదికి పరుగెత్తినప్పుడు నువ్వు అవతలి వైపు నుంచి నన్ను కేకేశావు, గుర్తుందా? లారీ డ్రైవరు కూడా ఆ కేకకే బ్రేకు వేశాడని నాన్న ఇప్పటికీ చెబుతాడు. నీ గొంతు పగిలిపోయి, వారం దాకా పాటకి వెళ్లలేకపోయావు. ఆ తర్వాత ఇంట్లో నువ్వు గొంతు పెంచగా నేను వినలేదు. తిట్టినా చెవిలో రహస్యం చెప్పినట్టు తిడతావు, పాటకి దాచుకుంటానని. నాకు ఒళ్లు జలదరించిన నీ గొంతు అదొక్కటే. డ్రైవరన్నకి అదే చెప్పాల్సింది, కానీ అది ఆల్బమ్‌లో లేదు.

ఇప్పుడు నాకున్న భయం వినమ్మా. ఈ ఉత్తరం చదివి నువ్వు ఏమీ అనకుండా మడతపెట్టి, సంచిలో పెట్టుకుని, సాయంత్రం మళ్లీ పెద్ద గాయని వెనక నిలబడి, ఎప్పటిలాగే తొణక్కుండా పాడి, మర్నాడు వెళ్లి ఆ సంతకం పెట్టేస్తావేమోనని. కూతురే ఓటు వేయలేదు, ఇక పైవాళ్లెవరు వేస్తారని అనుకుంటావేమోనని. నేను వేసిన ఓటు ఆ ఆల్బమ్‌కి వ్యతిరేకం, నీకు కాదు అని రాస్తే, మాటల పిచ్చిదాని మాటలాగే ఉంటుంది. నానమ్మ ఇప్పుడే నాన్నతో, "ఆ కాగితంలో కోడలికి క్షమాపణ ఉందో లేదో అడుగు" అంది. ఉంది నానమ్మా. చెయ్యెత్తినందుకు కాదు, దానివల్ల నీ కోడలు రెండేళ్లు రాకపోతే, అందుకు.

సంతకం వద్దని చెప్పే అధికారం నాకు లేదు. జాబితా మాట పక్కన పెట్టి వచ్చెయ్యమని మాత్రం అడుగుతున్నాను. స్టూడియో ఆయన కాదంటే మన మేడ మెట్లు ఉండనే ఉన్నాయి.

ఇంకొకటి అడుగుతాను. పర్యటనలో ఉండగా ఫోను ముట్టనని నీ నియమం కదా, ఈ ఉత్తరం అందిన రోజున ఒక్కసారి దాన్ని తప్పు. ఫోను రోజూ ఈ బల్ల మీదే, స్క్రూల మూత పక్కనే పెట్టుకుని కూర్చుంటాను. చేసి నన్ను తిట్టు. చెవిలో చెప్పినట్టు మాత్రం తిట్టకు. రోడ్డు అవతలి నుంచి తిట్టినట్టు తిట్టు. స్క్రూలన్నీ ఎగిరిపోయినా ఫరవాలేదని నాన్న అంటున్నాడు.

ఇట్లు,
నీ తిట్ల కోసం చెవులప్పగించి కూర్చున్న,
నీ కూతురు