అడవి రక్తం

2009 ఫిబ్రవరి 9, సోమవారం. వనపర్తి.

ఈ రోజు సాయిలు మళ్ళీ ఆలస్యంగా వచ్చాడు. చేతిలో మిరపకాయ బజ్జీల పొట్లం. నూనె చేతులు తుడుచుకోకుండానే గ్లవ్స్ తొడుక్కున్నాడు. అవి షెడ్డులో అందరూ వాడే గ్లవ్స్. రేపు వాటిలో నేను చెయ్యి పెట్టాలి.

ఆ నూనె చేతులతోనే నన్ను కొట్టాడు. వార్మప్ లేదు, స్కిప్పింగ్ లేదు. చేతులు నడుము దగ్గర వేలాడేసుకుని నిలబడతాడు. నేను ఎడమ చేత్తో సూటిగా జాబ్ విసిరితే తల వేలెడంత పక్కకు జరుపుతాడు. అంతే. నా చెయ్యి ఇంకా గాలిలో ఉండగానే వాడి ఎడమ చెయ్యి నా పక్కటెముకల్లో ఉంటుంది.

వాడు బాక్సింగ్ మొదలుపెట్టి ఏడాది కాలేదు. నాది పదో ఏడు. తెల్లారకముందే లేచి పెబ్బేరు రోడ్డు మీద పరుగెత్తుతాను. పగలంతా ప్రైవేటు స్కూల్లో పీఈటీ ఉద్యోగం. సాయంత్రం ఈ మూతబడ్డ పల్లీ నూనె మిల్లు షెడ్డుకు వచ్చి యేసయ్య మాస్టర్ ఏది చెప్తే అది చేస్తాను. ఆయన మిలిటరీలో బాక్సర్. మిలిటరీ మనిషికి డిసిప్లిన్ నచ్చాలి కదా. ఈ రోజు సాయిలు బజ్జీ నములుతుంటే చూసి మురిసిపోయాడు. వాడిది మన్ననూరు అవతల నల్లమల అడవిలో చెంచుపెంట కాబట్టి, అది అడవి రక్తంరా దేవరాజూ, నీకు నాకు యాడికెళ్ళొస్తది అన్నాడు.

అసహ్యమేసింది. బజ్జీల వల్ల కాదు.

ఫిబ్రవరి 12

గ్లవ్స్ సబ్బు నీళ్ళతో తుడిచాను. వాసన పోలేదు.

ఫిబ్రవరి 22, ఆదివారం

గద్వాల నుంచి శ్రవణ్ కుమార్ అనే ఆయన కారులో వచ్చాడు. విత్తనాల కంపెనీలో మేనేజరు. నల్ల కళ్ళద్దాలు తియ్యకుండానే షెడ్డంతా చూశాడు. మే నెలలో గద్వాల మార్కెట్ యార్డులో వాళ్ళ కంపెనీ రైతులందరినీ పిలిచి కొత్త పత్తి విత్తనాన్ని చూపిస్తుందట. జనం రావాలంటే ఏదో ఒకటి ఉండాలి. పోయినేడు రికార్డింగ్ డాన్సు పెట్టారట, ఈసారి బాక్సింగ్. మామూలు బాక్సింగ్ కాదు, ప్రొఫెషనల్. హెడ్‌గార్డు ఉండదు, బనియన్ ఉండదు. గెలిచినవాణ్ణి బెంగళూరు ప్రో క్యాంపుకు పంపిస్తాం అన్నాడు.

రాయచూరు నుంచి ఒకడు, మన దగ్గర నుంచి ఒకడు. ఆ ఒకడెవరో మీరే తేల్చండి అని పోయాడు.

ప్రో. ఇన్నేళ్ళలో నా ముందు ఎవరూ ఆ మాట అనలేదు. రూముకొచ్చి అద్దం ముందు బనియన్ విప్పి నిలబడ్డాను. నా పిచ్చి నాకే నవ్వొచ్చింది.

మార్చి 8, ఆదివారం

ట్రయల్ బౌట్ అయిపోయింది. రాయక తప్పదు.

రెండు వారాలు ఉప్పు మానేశాను. సాయిలు ఎలా కదులుతాడో ఒక్కొక్కటీ గుర్తు చేసుకుంటూ గోడ ముందు ప్రాక్టీసు చేశాను. వాడు నిన్న ఊర్లో పెళ్ళికి పోయి, పొద్దున కల్లు వాసనతో బస్సు దిగాడు.

నేను విసిరిన ప్రతి దెబ్బా గాలికే తగిలింది. చూడ్డానికి వచ్చినవాళ్ళు నవ్వడం మొదలుపెట్టారు. వాళ్ళలో నా స్కూలు పిల్లలు కూడా ఉన్నారు. రెండో రౌండులో లివర్ మీద కొట్టాడు. పెద్ద దెబ్బేం కాదు, తలుపు తట్టినట్టు తట్టాడు. మోకాళ్ళు వాటంతట అవే వంగిపోయాయి. మూలకు పోయి కక్కుకున్నాను. సాయిలు పరుగున వచ్చి నా వీపు నిమిరాడు. ఏమన్నా అయిందా అన్నా, జర నీళ్ళు తాగు అన్నాడు.

వాడు మంచివాడు కూడా కావడం నాకు మరీ అసహ్యం.

మార్చి 9

స్కూలు గోడ మీద 'కష్టే ఫలి' అని రాయించింది నేనే. ఈ రోజు అటు వైపు పోలేదు.

మార్చి 27

సాయిలుకు స్పారింగ్ పార్ట్‌నర్‌గా ఉండమని మాస్టర్ అడిగాడు. ఒప్పుకున్నాను. ఎందుకొప్పుకున్నానో తెలియదు. షెడ్డుకు పోకుండా సాయంత్రాలు ఏం చేసుకోను?

రోజూ కొట్టించుకుంటున్నాను. మధ్యమధ్య మాట్లాడుకుంటాం. మాస్టర్ అన్న మాటే వాడితో అన్నాను, నీది అడవి రక్తమట కదా అని. వాడికి కోపమొచ్చింది. ఏందన్నా గది, మా తమ్ముడు గూడ అడివిలనే పుట్టిండు, కోడి ఎగిరితే దడుసుకుంటడు అన్నాడు. మరి నీకెలా వచ్చిందిరా అన్నాను. తెల్వదన్నా, చెయ్యి యాడికొస్తదో ముందే కనబడతది అన్నాడు. అందరికీ కనబడుతుందనే ఇన్నాళ్ళూ అనుకున్నాడట.

ఏప్రిల్ 19, ఆదివారం. గద్వాల.

ఎలక్షన్ల గోల ఈ వారంతో అయిపోతుంది. ఇక మన ప్రచారం అని శ్రవణ్ కుమార్ మమ్మల్ని పత్తి గోడౌనుకు పిలిపించాడు. వీడియో తీసి కేబుల్ టీవీలో వేస్తాడట. హైదరాబాదు నుంచి ఒక బాక్సర్‌ని తెచ్చాడు. సాయిలుకు ఒకటిన్నర రెట్లు ఉంటాడు. మాస్టర్ బరువు సంగతి ఎత్తబోయాడు. వీడియోకే కదా సార్, పోరడు గట్టోడు, ఏమైతది అన్నాడు శ్రవణ్ కుమార్. మాస్టర్ వంగి సాయిలు గ్లవ్స్ తాళ్ళు బిగించాడు.

సాయిలు మామూలుగానే ఆడాడు, తప్పుకుంటూ, నవ్వుతూ. కెమెరా అతను జర దగ్గర దగ్గర ఆడుండ్రి అని అరిచాడు. సాయిలు అటు చూశాడు. ఆ చూసినప్పుడే పడింది దెబ్బ. వెనక్కి పడ్డాడు. కింద మ్యాట్ లేదు, టార్పాలిన్ పరిచారు, దాని కింద సిమెంటు. తల కొట్టుకున్న చప్పుడు నాకు వినిపించింది.

లేవలేదు. మొహం మీద నీళ్ళు చల్లితే కళ్ళు తెరిచాడు. శ్రవణ్ కుమార్ చప్పట్లు కొట్టి, శెభాష్ పులీ, ఇంకో టేక్ అన్నాడు.

ఇంకో టేక్ తీశారు.

ఏప్రిల్ 21

సాయిలు గ్లాసు అందుకోబోయి పక్కన గాలిని పట్టుకున్నాడు. ఎండలోకి రావాలంటే మొహం చిట్లిస్తున్నాడు. రెండుసార్లు కక్కాడు. డాక్టరుకు చూపిద్దాం మాస్టర్ అన్నాను. నోరు మూసుకో, రెండు దినాలల్ల తక్కువైతది, మిలిటరీల గిసొంటివి మస్తు చూసిన అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, ఈ షెడ్డు నుంచి ఒక్కడన్నా పైకి పోవాలెరా, నా పాణం పోయేలోపల అన్నాడు.

ఆయన మీద జాలి పడాలో ఉమ్మాలో తెలియలేదు.

ఇంకో మాట రాయాలి. సాయిలు కక్కుతుంటే నాకు లోపల ఏదో తేలికగా అనిపించింది. వీడు ఆడలేకపోతే, అని. వాక్యం అక్కడే ఆపేశాను. ఆపినా ఏం లాభం, మిగతాది నాకు తెలుసు.

మే 3, ఆదివారం

నా జాబ్ తగిలింది.

వాడి ముక్కు మీద సూటిగా. మళ్ళీ విసిరాను, మళ్ళీ తగిలింది. చూస్తున్నవాళ్ళు ఓహో అన్నారు. మాస్టర్ కూడా, గదిరా దేవరాజూ, పదేండ్ల కష్టం ఇయ్యాల బయటికొచ్చింది అన్నాడు. నా ఒళ్ళు పులకరించింది. ఇంకోటి విసిరాను. అప్పుడు సాయిలు కళ్ళు చూశాను. దెబ్బ వస్తోందని వాటికి తెలియడం లేదు. తగిలాక ఎక్కడి నుంచి వచ్చిందా అని వెతుకుతున్నాయి.

చేతులు దించేశాను. కొట్టు, ఆపకు అన్నాడు మాస్టర్. గ్లవ్స్ విప్పి పారేసి బయటికి వచ్చాను. బోరింగు దగ్గర చేతులు కడుక్కున్నాను. ఎంతసేపు కడిగానో.

మే 5

సాయిలును స్కానింగుకు పోదామని బతిమాలాను. వాడు మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నా జాగ కావాలె నీకు, కొట్టి తీసుకునుడు రాలేదు, గిప్పుడు గిట్ల తీసుకుందామని వచ్చినవ్ అన్నాడు.

కాదు అందామనుకున్నాను. అది కాదని నాకే నమ్మకం లేదు.

మే 7. మన్ననూరు.

నాగర్‌కర్నూలులో బస్సు మారి, అచ్చంపేటలో మళ్ళీ మారి ఇక్కడ దిగాను. సాయిలు తల్లి జంగమ్మ తునికాకు కోసుకొచ్చి కట్టలు కడుతోంది. నేనెవరో చెప్పాను. గోడౌన్‌లో జరిగింది, వాంతులు, కళ్ళు, అంతా చెప్పాను. కట్టలు కడుతూనే విన్నది. వాడు ఆడకుంటె ఎవరాడుతరు బిడ్డా అని అడిగింది.

నేనే అన్నాను.

అప్పుడు తల ఎత్తి చూసింది. నేను తల దించుకున్నాను. నీకు ఆశ ఉంటె ఉండనియ్యి, గది నీ కడుపుల సంగతి, నా కొడుకు తల నిజంగ ఖరాబైందా కాలేదా గది చెప్పు అన్నది.

నిజమమ్మా అన్నాను. చేతిలో ఆకు పక్కన పెట్టి లేచి, కొంగు దులుపుకుని బస్సుకు నడిచింది. చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయింది.

మే 8. మహబూబ్‌నగర్.

తల్లిని చూశాక సాయిలు ఎదురు చెప్పలేదు. స్కాన్ తీశారు. పుర్రె లోపల నెత్తురు చేరింది. కొద్దిగానే కాబట్టి ఆపరేషన్ వద్దు, మందులతో కరుగుతుంది అన్నాడు డాక్టరు. ఇంకొక్క దెబ్బ పడి ఉంటే మీరు నా దగ్గరికి తెచ్చే పని ఉండేది కాదు అన్నాడు. ఆ ఇంకొక్క దెబ్బ నేను మే 3న విసరబోయిందే కావచ్చు.

సాయిలు ఇక జన్మలో రింగు ఎక్కకూడదు. ఈ మాట వాడి ముందే చెప్పాడు. వాడు నా వైపు చూడలేదు.

మే 10

శ్రవణ్ కుమార్ ఫోన్. వాడు కాకపోతే నువ్వు రా, మాకు ఎవరైనా ఒకటే అన్నాడు.

సరే అన్నాను. ఒక్క క్షణమైనా ఆలోచించినట్టు నటించాల్సింది.

మే 24, ఆదివారం. గద్వాల.

గెలిచాను.

మార్కెట్ యార్డులో షామియానాలు, కుర్చీలు, మజ్జిగ ప్యాకెట్లు. స్టేజీ వెనక పెద్ద ఫ్లెక్సీలో సాయిలు బొమ్మ, కింద 'నల్లమల పులి' అని. మళ్ళీ ప్రింట్ చేయించే టైము లేదట. అదే పేరు కుట్టిన, బాక్సర్లు వేసుకునే గౌను నాకు తొడిగారు. మాది ఆత్మకూరు, మా నాయన ఆముదాలు వేస్తాడు, నేను పుట్టాక ఎప్పుడైనా అడవి చూశానంటే మొన్న మన్ననూరులోనే. మైకులో నన్ను నల్లమల పులి అన్నారు. నేను చెయ్యి ఎత్తాను. ఎత్తాను, నిజం.

రాయచూరు అతనికి నలభై దాటి ఉంటాయి. పొట్ట ఉంది. మొదటి రౌండులోనే రొప్పుతున్నాడు. నేను జాబ్ వేసుకుంటూ, వెనక్కి పోతూ, నేర్చుకున్నదంతా నేర్చుకున్నట్టే చేశాను. తప్పు ఒక్కటీ లేదు. జనం విసుక్కున్నారు. ఎవరో ఎనకటి డాన్సే నయముండె అని అరిచారు. మూడో రౌండు నడుస్తుండగానే పక్కన బిర్యానీ పొట్లాలు ఇవ్వడం మొదలైంది. సగం కుర్చీలు ఖాళీ. క్లించ్‌లో ఒకరినొకరం పట్టుకుని ఉండగా అతను నా చెవిలో, సాకప్పా, ఇగ చాలు, మెల్లగ కొట్టు, నాకు పిల్లలున్నరు అన్నాడు. మెల్లగా కొట్టలేదు. నాకు మెల్లగా కొట్టడం కూడా రాదు.

నా చెయ్యి పైకెత్తి, విత్తనం పేరు చెప్పి, పులిలాంటి దిగుబడి అన్నారు. మాస్టర్ ఏడుస్తూ నన్ను కావలించుకున్నాడు. ఆయన ఒంటికి బిర్యానీ వాసన. నా నోట్లో నెత్తురు. మింగేశాను.

జూన్ 6

బెంగళూరు గురించి అడుగుదామంటే శ్రవణ్ కుమార్ ఫోన్ ఎత్తడం లేదు. అలాంటి క్యాంపే లేదని మాస్టర్‌కు ముందే తెలుసట.

జూన్ 14, ఆదివారం

మహబూబ్‌నగర్‌లో డాక్టరుకు చూపించుకుని పోతూ సాయిలు, జంగమ్మ షెడ్డుకు వచ్చారు. ఆమె గడపలో కూర్చుంది. వాడు చాలాసేపు నేను బ్యాగు కొట్టడం చూశాడు. చివరికి, అన్నా, కుడి భుజం ముందుగాల లేస్తున్నది, జర దించి కొట్టు అన్నాడు. దించి కొట్టాను. చప్పుడు వేరుగా వచ్చింది. షెడ్డంతా మోగింది. పదేళ్ళలో నా చేతి నుంచి అలాంటి చప్పుడు రాలేదు.

కాసేపటికి వాడు మొదటిసారి చెప్తున్నట్టే, అన్నా, కుడి భుజం ముందుగాల లేస్తున్నది, జర దించి కొట్టు అన్నాడు. జంగమ్మ మొహం తిప్పుకుంది.

అవునారా అని, దించాను.