నీ చెయ్యి లేని ప్రాక్టికల్

స్వప్నా,

నేను ద్రోహినట! తెలంగాణ బంద్ నాడు ఫిజియాలజీ ప్రాక్టికల్ పరీక్షకు వచ్చానని, దిల్‌సుఖ్‌నగర్‌లోని మన కాలేజీ గేటు దగ్గర మనవాళ్లే తేల్చేశారు.

"స్వప్న ఉంటే గిట్ల పోతుండెనా?" అన్నాడు మన క్లాసు రమేశ్.

నువ్వుంటే ఇద్దరం కలిసే వెళ్లేవాళ్లం. జ్వరం నిన్ను తీసుకుపోయి నేటికి ఏడాది. ల్యాబులో నేను బీపీ చూడడం నేర్చుకున్నది నీ చేతి మీదే. ఇవాళ తరగతంతా గేటు బయటే ఉంది. ల్యాబులో బీపీ పట్టీ పట్టుకుని ఒక్కదాన్నే నిలబడ్డాను.

"బీపీ చూడడానికి ఒక మనిషిని తెచ్చుకో, లేకుంటే సున్నా," అన్నారు పరీక్ష పెట్టే మేడం.

లోపల జత లేదు, బయట ముఖం చెల్లదు. అయినా గేటు దగ్గరికే తిరిగి వచ్చి అడిగాను:

"తెలంగాణ నాకూ కావాలె. వచ్చినంక దవాఖానలల్ల పనిచేసేటోళ్లు ఒద్దా? నన్ను తిట్టినోళ్లల్ల ఒక్కరు చొక్కా చెయ్యి మడిచి, నాతోని లోపలికి రాండ్రి!"