తడి ఆరనీయకు

సుమత్రా, 8 జనవరి 1997

ప్రియమైన రాహేలుకు, ప్రభువు దయవల్ల క్షేమం.

ఇక్కడ నా పనేమిటని అడిగావు. అడవి బురదలోకి ఇనప గొట్టం దించి లోతు కొలవడం. రాలిన ఆకూ కొమ్మా నీళ్ళలో మునిగిపోతాయి. గాలి తగలదు కాబట్టి పూర్తిగా కుళ్ళవు. ఏడాదికో మిల్లీమీటరు చొప్పున పేరుకుంటాయి. చెట్లు గాలిలోంచి పీల్చుకున్న కార్బన్ అంతా అందులోనే దాగి ఉంటుందట. పీట్ అంటారు దీన్ని. మా చోట ఎనిమిది మీటర్లుంది. కొలవడం కాగానే వచ్చేస్తాను.

నీ ఎడ్విన్

తా.క.: చేపలున్నాయి. నీ చేతి పులుసు లేదు.

ఉదయగిరి, 20 ఫిబ్రవరి

శ్రీవారికి వందనాలు.

కొండలయ్య మాస్టారి చేత లెక్క కట్టించాను. ఏడాదికి మిల్లీమీటరైతే ఎనిమిది మీటర్లకు ఎనిమిది వేల ఏళ్ళు. “నీ మొగుడు కొలిచి వచ్చేసరికి ప్రభువు రెండో రాకడ కూడా అయిపోతాది గదమ్మా” అన్నారు.

పైగా నీళ్ళలో ఆకు కుళ్ళదా? మన మడిలో కానుగాకు తొక్కితే మూడు వారాల్లో కుళ్ళిపోదూ? అక్కడ ఎవరున్నారో సూటిగా రాయండి.

మీ రాహేలు

తా.క.: నీళ్ళలో ఏదీ చెడదంటే, సోమశిల డ్యాం నీళ్ళ కింద మునిగిన మా పుట్టింటి గడప కూడా అట్లాగే ఉంటుందా?

సుమత్రా, 30 మార్చి

రాహేలూ,

ఆ ఎనిమిది మీటర్లూ ఎప్పుడో పేరుకుపోయాయి. నేను ఒక్కో చోట కొలవడానికి ఒక పూట చాలు. మన మడి ఎండుతుంది, గాలి తగులుతుంది, అందుకే ఆకు కుళ్ళుతుంది. ఇక్కడ ఏడాదంతా నీళ్ళే. కాలువ తవ్వి నీళ్ళు తీసేస్తే మాత్రం ఇదీ కుళ్ళుతుంది. ఎండితే నిప్పంటుకుంటుంది. వేల ఏళ్ళుగా దాచిందంతా పొగైపోతుంది.

ఇక్కడ ఎవరున్నారంటావా? జలగలున్నాయి. నువ్వు నమ్మవని, ఇక్కడ నాతో పనిచేస్తూ ఊరికి వస్తున్న కలిగిరి కామయ్యతో ఒక పీట్ గడ్డ పంపుతున్నాను. తడి ఆరనీయకు.

నీ ఎడ్విన్

తా.క.: గడప సంగతి నాకు తెలియదు. కంపెనీ ఇంకో ఏడాది ఉండమంటోంది. ఏమనను?

ఉదయగిరి, 15 మే

శ్రీవారికి వందనాలు.

గడ్డ చేరింది. ముంతలో పెట్టాను. కుళాయి నాలుగు రోజులకోసారి వస్తోంది. నేను తలంటు మానుకుని దానికి పోస్తున్నాను. ఎదురింటి రోశమ్మ “ఏందే, మట్టికి నీళ్ళు పోస్తా ఉండావు, మొలకొస్తాదా?” అని అడిగింది. “మా ఆయనొస్తాడు” అన్నాను.

ఇంకో ఏడాది ఉంటారా, ఉండండి. ఒక్క మిల్లీమీటరే కదా!

మీ రాహేలు

తా.క.: కామయ్య నా మొహం చూడకుండా “ఇది అసలైన సుమత్రా సరుకు వదినా” అని మూడుసార్లు చెప్పాడు.

సుమత్రా, 25 జూన్

రాహేలూ,

క్షమించు. కామయ్య నిజం రాశాడు. నేనిచ్చిన గడ్డను విమానం దిగగానే కస్టమ్స్‌వాళ్ళు లాక్కున్నారట. నీకు జవాబు చెప్పలేక, సోమశిలలో నీళ్ళు తగ్గినచోట దిగి, ఇంత బురద తవ్వి ఇచ్చాడట. ఉత్త బురదకు నీ తలంటు నీళ్ళు పోశావు. పారేయి.

నీ ఎడ్విన్

తా.క.: కామయ్యను కొట్టకు. కంపెనీవాళ్ళు నెలాఖరులోగా సంతకం పెట్టమంటున్నారు. నీ జవాబు వచ్చేదాకా ఆగమన్నాను.

ఉదయగిరి, 20 జూలై

శ్రీవారికి వందనాలు.

పారేయను. అది ఎక్కడిదో మూట విప్పిన రోజే నాకు తెలుసు. మా రేవు బురద వాసన నాకు తెలియదా? దాంతో బొమ్మలు చేసుకుని పెరిగినదాన్ని. పదిహేనేళ్ళుగా చూడని నేల నా ఇంటికి వస్తే నీళ్ళు పోయనా? మీ సుమత్రా మట్టికైతే చుక్క పోసేదాన్ని కాదు.

నీళ్ళలో దాగితే వేల ఏళ్ళు ఉంటుందని రాశారు. ఆకు ఉంటుందేమో. నేనుండలేను. మీరు లేకుండా నాకు తోచడం లేదు. సంతకం పెట్టకుండా వచ్చేయండి.

మీ రాహేలు

తా.క.: ముంతలో తడి ఆరనీయను. నా సంగతి మాత్రం మాటివ్వలేను. ఎండితే నిప్పంటుకుంటుందని రాసింది మీరే.