నీ పాటకు మనుషులు దొరికారు

అక్కా,

పొద్దున్నే జల్లు పడి ఆగింది. ఆరబోసిన చెనిక్కాయలు ఇంట్లోకి ఎత్తేసరికి మదనపల్లె బస్సు వచ్చింది. నీ పాటలు క్యాసెట్ చేయడానికి నేను పిలిచిన ఇద్దరూ అందులోంచే దిగారు. నువ్వు పోయి ఈ రోజుకు ఏడాది.

పుంగనూరు కీబోర్డు ఆయన నేను పాడి వినిపించిన నీ కలుపు పాట విని, "మాటలు బాగుండాయప్పా. బాణీ మాత్రం సినిమాది పెడదాం, అట్లయితేనే అమ్ముడుపోతాది" అన్నాడు. బాణీ కూడా నీదేనని, మార్చేది లేదని చెప్పాను.

పాడాల్సింది నీతో కలుపు తీసిన రమణమ్మ. టేపురికార్డరు ముందు కూర్చోబెడితే రెండుసార్లు ఎత్తుకుని ఆపేసింది. "చేతులు ఊరికే పెట్టుకోని ఎట్ల పాడేదప్పా?" అంది. చాటలో కాయలు పోసి ఇచ్చాను. ఒలుస్తూ మొత్తం పాడింది. ఎక్కడా తడబడలేదు.

"రికార్డింగుకి పోతాండారా, విత్తనాలు ఒలిసేదానికి పోతాండారా?" అని కీబోర్డు ఆయన నవ్వాడు.

కుప్పం నుంచి వచ్చిన డోలక్ మునెప్ప నవ్వలేదు. ఆమెను ఇంకోసారి పాడమని, కాయలు పగిలే చప్పుడు వెంటే మెల్లగా దరువు వేశాడు. "ఆ సప్పుడు ఉండనీప్పా. తాళం ఆయమ్మ చేతిలోనే ఉండాది, నేను దాని ఎనకాల పోతా" అన్నాడు. ఆమె గొంతుకు తగ్గట్టు నేను హార్మోనియం శ్రుతి దించుకున్నాను.

మదనపల్లెలో రేపు రికార్డింగు. ముగ్గురమే పోతాం, చాట కూడా తీసుకుపోతాం.

కీబోర్డు ఆయన మధ్యాహ్నం బస్సుకు పుంగనూరు వెళ్లిపోయాడు. రమణమ్మ పొద్దు గూకే ముందు ఇంటికి వెళ్లింది. మునెప్ప రేపటి కోసం మనింట్లోనే ఉండిపోయాడు.