గోల్‌కీపర్‌ని మార్చను

అన్నయ్యా,

నువ్వు పోయి ఏడాదైంది. నువ్వు నడిపిన అమ్మాయిల ఫుట్‌బాల్ టీముకి ఇప్పుడు నేనే కోచ్‌ని. వచ్చే సీజన్‌కి ఎవర్ని మార్చాలో తేల్చడానికి నిన్న కమిటీ కూర్చుంది.

"కీపర్‌ని మార్చేద్దామమ్మా. పక్కకొచ్చిన బంతికి ఆ నాగమణి దూకదు," అన్నారు ప్రెసిడెంటు గారు.

మనం ఆడేది కోసిన వరిచేలో కదండీ, దూకితే మోళ్లు గుచ్చుకోవా అన్నాను.

"మీ అన్నయ్య దూకేవాడుగా."

దూకేవాడివే. నీ మోచేతుల మీద మచ్చలు చూసి ఊరంతా మెచ్చుకుంది. ఇంటికొచ్చాక పసుపు రాసింది నేను.

ఇవాళ పొద్దున్నే గోలు ముందు మోళ్లన్నీ పీకించి, మందంగా ఎండుగడ్డి పరిపించాను. నాగమణి దూకింది. ఒకటి వదిలేసింది, రెండోది పట్టేసింది. గట్టు మీంచి చూస్తున్న ప్రెసిడెంటు గారు, "మరి ఎవర్ని మారుద్దామంటావు?" అన్నారు.

బంతిని అంత దగ్గరికి రానిస్తున్న బ్యాకుల్ని మారుద్దామండీ అన్నాను.

ఒక్క మచ్చ లేని మోచేతులతో కూడా కీపర్ కావచ్చని ఈ ఊరికి చూపిస్తాను. నువ్వు ఒప్పుకోకపోయినా సరే.

నీ చెల్లి