ద్వాలి పేరు కొట్టేశాను

9-8-1993
వెంకటనారాయణ గారు ఇవాళ తండాకు వచ్చారు. మండలం అక్షరాస్యత కో-ఆర్డినేటర్ ఆయన. ఒక్క పలకా చూడలేదు. ఎంతమంది కంప్లీట్ అని మాత్రం అడిగారు. నా క్లాసులో పన్నెండు మంది నేర్చుకుంటున్నారండీ అన్నాను. చదువు వస్తే వచ్చినట్టు, రాకుంటే రానట్టు, నడుమ ఉన్నోళ్ళను ఏ కాలమ్‌ల రాయాలె చెప్పమ్మా అన్నారు.

ఒళ్ళు మండింది. ఇంటర్ ఇంగ్లీషు రెండుసార్లు పోయిన నాకు ఈ మాట కొత్తేం కాదు. మా అన్నా ఇంతే. పాసైతేనే మనిషినట.

14-8, సాయంత్రం 6
పదకొండు మందికి సంతకం వచ్చేసింది. పేరును చుక్కలుగా పెట్టి ఇస్తే ముగ్గు కలిపినట్టు కలిపేస్తున్నారు. రామ్‌సింగ్ అయితే గోడ మీద, బండి మీద, చివరికి ఎద్దు కొమ్ముల మీద కూడా తన పేరు రాసేశాడు.

ద్వాలి మాత్రం చుక్కలొద్దంది. నలభై ఏళ్ళ మనిషి. గిదేం పలుకుతది పంతులమ్మా, గదెందుకు గట్ల వంగింది అని అక్షరం అక్షరం దగ్గరా ఆపుతుంది. పేరు ఇంకా రాయలేదు. కానీ నిన్న అగ్గిపెట్టె మీది మాట కూడబలుక్కుని తనే చదివింది. నేను అందించలేదు. ఏడుపొచ్చింది నాకు.

20-8
ద్వాలి పేరు కొట్టేశాను.

మూడు నెలలు ఆగండి, చదవడంలో అందరికంటే ముందుంటుంది అని వెంకటనారాయణ గారిని బతిమాలాను. ఒక్కదాని కోసం నూరు శాతం పోగొట్టుకుంటమా అన్నారు. రిజిస్టర్ ముందుకు తోశారు. ఎర్ర పెన్ను నా చేతిలోనే ఉంది.

2-9
తండాలో నూరు శాతం అక్షరాస్యత వచ్చిందని సభ. షామియానా, మైకు, దండలు. వేలిముద్రల ఇంకు ప్యాడ్‌ని అందరి ముందూ మంటలో వేశారు. చప్పట్లు. పదకొండు మందికి సర్టిఫికెట్లు, నాకు శాలువా. ద్వాలిని వంట దగ్గర గిన్నెలు తోమడానికి పెట్టారు.

రేపటి నుంచి క్లాసు లేదు. అయిపోయింది కదా అన్నారు. ఏం అయిపోయింది? రెండో వాచకం కట్ట తాడు కూడా విప్పలేదు.

మా అన్న శాలువాను ముందు గదిలో మేకుకు తగిలించాడు. వచ్చినవాళ్ళకల్లా చూపిస్తున్నాడు.

6-9
ద్వాలి పలక చంకన పెట్టుకుని నాలుగు మైళ్ళు నడిచి మా ఇంటికొచ్చింది. ఆపేది లేదంది. రోజూ రమ్మన్నాను.

11-10
ద్వాలి వచ్చి చెప్పింది. ఉన్నదున్నట్టు రాస్తాను.

అడవిశాఖ ప్లాంటేషన్ ఆఫీసర్లు జీపులో తండాకు వచ్చారట. అడవి అంచున వీళ్ళు సేద్యం చేసుకునే పోడు చెక్కలకు సర్వే ఉంది, సంతకం పెట్టండి అన్నారట. పదకొండు మందీ పోటీలు పడి పెట్టారు. కొత్తగా వచ్చిన విద్య, పెన్ను చూస్తే ఆగుతారా?

ద్వాలి తన కాయితం మీద వేలు పెట్టి మొదలుపెట్టిందట. ఒక్కో అక్షరం. వాళ్ళు నవ్వారు. చదువుకున్నోళ్ళే పెట్టిండ్రు, నీకేంది, చదువొచ్చినోళ్ళ లిస్టుల్నే లేవు నువ్వు అన్నాడట ఒకడు. ఆమె వేలు ఆగలేదు. రెండో వరుసలో దొరికింది. భూమిని ఇష్టపూర్వకంగా వదులుకుంటున్నాను అని. గట్టిగా అరిచి చదివి, పెట్టనని కాయితం విసిరేసిందట. అప్పటికి మిగతా పదకొండు కాయితాలూ జీపులోకి చేరిపోయాయి.

ఇదంతా చెబుతూ ద్వాలి ఏడవలేదు. నేనే ఏడ్చాను. ఆ పదకొండు సంతకాలూ నేను చుక్కలు పెట్టి నేర్పినవే. పేరు ఎట్లా పెట్టాలో చెప్పాను. పెట్టేముందు పైన ఏముందో చదవాలని ఎవరికి చెప్పాను? చదివే దాకా ఆగే ఓపిక ఎవరికుంది? నాకు మాత్రం ఉందా?

12-10
వెంకటనారాయణ గారి దగ్గరికి వెళ్ళాను. సంతకం నేర్పినం, మన డ్యూటీ అయింది, వాళ్ళేం పెట్టుకుంటే మనకేంది అన్నారు. మేకు నుంచి తీసుకెళ్ళిన శాలువా ఆయన టేబుల్ మీద పడేసి వచ్చాను.

18-10
పొద్దున రామ్‌సింగ్ వచ్చాడు. వాకిట్లో నిలబడి, ‘అ’ అక్షరం కాడికెల్లి మల్ల నేర్పు పంతులమ్మా అన్నాడు.

నీకు సర్టిఫికెట్ ఇచ్చారు కదా అన్నాను.

తల వంచుకుని వెళ్ళిపోతుంటే వెనకాల పరిగెత్తాను, చెప్పులు కూడా వేసుకోకుండా.