దొరసాని కుబుసం మీద నా ఫిర్యాదు

పశువుల డాక్టరమ్మగారి సముఖానికి,

దర్జీ మేస్త్రి భార్యను, వీధిలో అందరూ సూదమ్మ అని పిలిచేదాన్ని, వయసు డెబ్బై ఒకటి, ఇంట్లో నేనూ మా ఆయనా ఒక బల్లీ వెరసి ముగ్గురం, చెప్పి రాయిస్తున్న ఫిర్యాదు ఏమంటే:

మేడమీద అద్దెకున్న పిల్ల ఇల్లు ఖాళీ చేస్తూ ఒక గాజుపెట్టెనూ, అందులో జానెడు మచ్చల బల్లినీ మా ఆయన చేతిలో పెట్టి పోయింది. పేరు దొరసాని. అంతవరకూ ఓర్చుకున్నాను. ఇప్పుడది కుబుసం విడుస్తోంది. ఒళ్ళంతా సున్నం కొట్టినట్టు తెల్లబడింది. మీరిచ్చిన చీటీ పట్టుకుని ఈయన పొద్దున్నే నీళ్ళు కాచి, మోచేత్తో వేడి చూసి, దాన్ని తొట్టెలో కూర్చోబెట్టి, పది నిమిషాలు పక్కనే గొంతుక్కూర్చుంటున్నారు. "లాగనులే బంగారం, నీకు తోచినప్పుడే విప్పుకో" అంటున్నారు. నలభై ఆరేళ్ళ కాపురంలో నన్ను పిలిచింది "ఇదిగో" అనే. నాకు జ్వరమొచ్చినప్పుడు నీళ్ళు కాచుకున్నది కూడా నేనే.

పైగా అది విప్పిన తోలు విప్పినట్టే మింగేస్తోంది. దర్జీ ఇంట్లో ఇదేం అప్రదిష్ట?

కాబట్టి దాన్ని మీ ఆసుపత్రిలో పెట్టుకోవలసింది.

ఇట్లు,
సూదమ్మ, బొటనవేలి ముద్ర

తా.క. ఈ ఉత్తరం రాస్తున్నది ముద్దాయే. మా ఇంట్లో చదువొచ్చింది ఆయనొక్కరికే. చెప్పింది చెప్పినట్టు రాశారో లేదో పక్కింటి నర్సు చదివి చూస్తుంది కనుక, వేషాలు వేయలేరు.

*

సూదమ్మగారికి నమస్కారాలు.

పెద్దమ్మా, బల్లి కుబుసం మింగడం ఆరోగ్యమే. కంగారు పడకండి. అది దానంతట అది వదలాలి, లాగితే కింది చర్మం చిరుగుతుంది. భయమల్లా వేళ్ళ దగ్గరే. పాత తోలు వేలి చుట్టూ ఉంగరంలా బిగుసుకుందంటే రక్తం ఆడక వేలు రాలిపోతుంది. మీ దొరసాని ముందరి కుడికాలికి అలాంటిదొకటి మిగిలింది. రోజూ నానబెట్టి, తడిదూదితో మెల్లగా దొర్లించాలి. మీవారి చేతులు చాలా ఓపికైనవి. ఈ వారం దాన్ని ఆయనకే వదిలేయండి.

ఇట్లు,
పశువుల డాక్టరు

తా.క. గట్టిగా మాట్లాడితే అది బెదురుతుంది. ఇంట్లో కాస్త గొంతు తగ్గించగలరు.

*

డాక్టరమ్మగారికి,

గొంతు తగ్గించమన్న ముక్క ముద్దాయి కల్పించి చదివారనుకుని నర్సు చేత మళ్ళీ చదివించాను. ఉంది.

ఆయన చేతులు ఓపికైనవని మీకెలా తెలిసింది? వారానికి రెండుసార్లు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని మీ దగ్గరికి వస్తున్నారు. ఆ ఇస్త్రీ చేసింది నేనని చెప్పారా?

బల్లి వేలికి తోలు ఉంగరంలా బిగిస్తే వీధి వీధంతా ఏకం చేశారు. నా వేలికి నిజం ఉంగరమే బిగుసుకుని మూడేళ్ళయింది. ఆయన తొడిగిన ఉంగరమే. వేలు వాచి, చలిరోజుల్లో నీలంగా మారుతుంది. ఎవరికీ చెప్పలేదు. చెప్పకపోతే తెలియదా? నోరులేని బల్లి చెబితేనే తెలిసిందా?

ఇక్కడ ముద్దాయి కలం ఆపారు. రాయండి అన్నాను.

శనివారం నాటికి మీరు రాతపూర్వకంగా తేల్చాలి, ఇంట్లో ఉండేది అదా, నేనా అని. లేకపోతే నేను మా చెల్లెలి ఇంటికి పోతాను. పెట్టె సర్దేశాను.

ఇట్లు,
సూదమ్మ, బొటనవేలి ముద్ర

తా.క. రాసినవాడి మనవి: ఉంగరం సంగతి నాకు ఇప్పుడే తెలిసింది. ఆ చేతిని ఆవిడ ఎప్పుడూ కొంగుకింద పెట్టుకుంటే అలవాటనుకున్నాను.

*

పెద్దమ్మగారికి,

మీరు ఉండండి. దొరసానిని శనివారం పంపండి, నేను ఉంచుకుంటాను.

మనుషుల వేళ్ళకు వైద్యం చెప్పే హక్కు నాకు లేదు. కానీ నీలంగా మారే వేలిని ఇంకొక్క రోజు కూడా వదలకూడదు. నర్సుగారికి చూపించండి. దారం చుట్టి ఉంగరం తీసే పద్ధతి ఆవిడకు తెలిసే ఉంటుంది. దారానికి మీ ఇంట్లో కరువు లేదు.

ఇట్లు,
పశువుల డాక్టరు

తా.క. నా మీద అనుమానం పెట్టుకోకండి. మావారు గుర్రాల డాక్టరు. నన్ను ఏనాడు పిలిచినా ఈలతోనే.

*

డాక్టరమ్మగారికి,

అదే సూదమ్మను, అదే వయసు, ఇంట్లో అదే ముగ్గురం. తెలియజేసుకునేది ఏమంటే:

శనివారం పొద్దున ఈయన నీళ్ళు కాచారు. మోచేత్తో వేడి చూశారు. తొట్టెలో పెట్టింది నా చెయ్యి. నర్సు చెబుతుంటే పట్టుదారం ఉంగరం కిందనుంచి దూర్చి, వేలి చుట్టూ చుట్టు పక్కన చుట్టు పేర్చారు. కాజా కుట్టేటప్పుడు కూడా ఆయన అంత ఊపిరి బిగబట్టడం నేను చూడలేదు. నేను కేకేయబోతే, "లాగనులే బంగారం" అన్నారు.

నర్సు నవ్వింది. "తాతగారూ, బల్లి పెట్టెలో ఉంది" అంది. ఆయన తలెత్తలేదు. మళ్ళీ అదే మాట అన్నారు.

ఉంగరం వచ్చింది.

తరువాత చూస్తే ఆయన ఆ ఉంగరాన్ని గుప్పిట్లో పట్టుకుని గుప్పిలి విప్పడం లేదు. దొరసాని వేలు ఇంకా అలాగే ఉంది. తప్పక తడిదూది నేను పట్టుకున్నాను. దొర్లించాను, దొర్లించాను, ఆ తోలు ఉంగరం కూడా ఊడింది. అప్పటినుంచి అది నా కొంగు వెచ్చన వదలడం లేదు. నేను పిలిస్తే కళ్ళు తెరుస్తుంది, ఆయన పిలిస్తే మూసుకుంటుంది. ముద్దాయి రెండు రోజులుగా ముఖం మాడ్చుకుని, నా మీద మీకు ఫిర్యాదు రాస్తానంటున్నారు. రాసుకోనీయండి. సాక్షులు నా వాళ్ళే.

బల్లిని ఉంచుకుంటానని ఎంత తొందరగా రాశారమ్మా. మీ కన్ను మొదటినుంచీ దాని మీదే అని ఇప్పుడు తెలిసింది. అది రాదు.

ఇట్లు,
సూదమ్మ, ఈసారి ఉంగరపు వేలి ముద్ర

సాక్షులు: పక్కింటి నర్సు, ఎదురింటి గడియారాల మేస్త్రి

తా.క. పక్కనున్న కాలి ముద్ర మేము వేయించింది కాదు. సిరా ఆరకముందే దొరసాని కాగితం మీద నడిచింది. గోరువెచ్చని నీళ్ళతో కాళ్ళు కడిగేశాను. ముందరి కుడికాలు చూసి వేళ్ళు లెక్కపెట్టుకోండి. అయిదూ ఉన్నాయి.